విద్యార్థికి ఎన్ని వాకిళ్లు?

(నంద్యాలలో ఒక పఠనమందిరమునందు చేసిన ఉపన్యాసము)



సాయంకాలము నాలుగు పత్రికలు తిరుగవేయుటకు వచ్చినవారిని కూర్చుండబెట్టి విశ్వవిద్యాలయ కార్యాలయముల కంప్యూటర్లను గూర్చి ఉపన్యసించుట అంత మర్యాద కాదని మే మెరుగుదుము. అయినను కొంతసేపు ఓపిక పట్టవలసినదిగా కోరుచున్నాము. మేము చెప్పబోవునది యంత్రమును గూర్చి కాదు, కిటికీని గూర్చి. విశ్వవిద్యాలయపు పరిపాలనా భవనమునకు పోయినవారికి తెలియును: గోడలో చిన్న కిటికీ, దానికి ఇనుప చువ్వలు, చువ్వల క్రింద చేయి పట్టునంత సందు. అర్జీ లోపలికి పోవును. కాగితము వెలుపలికి వచ్చును. ముఖము మాత్రము కనబడదు. దొరల కచ్చేరీలనుండి వారసత్వముగా వచ్చిన ఆ కిటికీని స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినను మనము మూయలేకపోతిమి. ఇప్పుడు విశ్వవిద్యాలయములు తమ విద్యార్థి సేవల నన్నింటిని ఒక్కచోట చేర్చి ఇంటర్నెట్టు ద్వారా అందించుటకు ప్రణాళికలు వేయుచున్న కాలము. ఆ ప్రణాళికతో కిటికీ తొలగిపోవునా, లేక సెల్‌ఫోను అద్దములోనికి ఎక్కి కూర్చుండునా? ఇదియే నేటి ప్రశ్న.

మేము కన్నులార చూచినది ఒకటి చెప్పెదము. ఏ విశ్వవిద్యాలయమో చెప్పము. చెప్పినచో తక్కినవారందరు తమకు సంబంధము లేదని సంతోషింతురు.

ఆళ్లగడ్డలో రాతిపని చేయు శిల్పి ఒకరు తన కుమార్తెను వెంటబెట్టుకొని ఒక విశ్వవిద్యాలయమునకు వచ్చియుండెను. ఆ బిడ్డకు వేరొకచోట పై చదువునకు సీటు వచ్చినది. ప్రొవిజనల్ సర్టిఫికెట్టు చూపుటకు గడువు వారము దినములు. మొదటి కిటికీవారు చలానా తెమ్మనిరి. చలానా తెచ్చిన పిమ్మట, కళాశాలనుండి బాకీ లేదను పత్రము కావలెననిరి. అది తెచ్చుటకు ఒక దినము పోయినది. రెండవ కిటికీకడ మార్కుల జాబితాలో పేరు ఒక విధముగాను, పదవ తరగతి పత్రములో మరియొక విధముగాను ఉన్నదనిరి. ఇంగ్లీషులో ఒక అక్షరము భేదము. పిల్ల తండ్రి ఎంత వినయముగా అడిగినను లోపలినుండి వచ్చిన సమాధాన మొక్కటే: "ఇది మా సెక్షను కాదు పెద్దాయనా. ఆ మూడో కిటికీ కాడ అడుగు." మూడవ కిటికీవారు భోజనమునకు లేచియుండిరి.

ఆ శిల్పి మావైపు తిరిగి, "మేము రాతిలో తప్పు చెక్కితే దిద్దుకోలేము సార్. వీళ్లది కాగితమే గదా, ఒక అక్షరం దిద్దేదానికి ఇన్ని దినాలా?" అని అడిగెను. మేము జవాబు చెప్పలేకపోతిమి. సర్టిఫికెట్టు తొమ్మిదవ దినమున చేతికి వచ్చినది. సీటు ఏడవ దినముననే పోయినది.

ఇందులో గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ బిడ్డను అడిగిన కాగితములలో పదవ తరగతి పత్రము తప్ప తక్కినవన్నియు ఆ విశ్వవిద్యాలయమువారివో, వారి అనుబంధ కళాశాలవారివో అయియుండెను. చలానా వారి ఖాతాకే కట్టినది. మార్కుల జాబితా వారే అచ్చువేసినది. అనగా ఒక కార్యాలయములోని ఒక బల్లనుండి ఇంకొక బల్లకు పోవలసిన సమాచారమును, నాలుగడుగుల దూరమునకు, ఒక తండ్రియు కుమార్తెయు నూరు కిలోమీటర్లకు మించిన ప్రయాణము చేసి మోసిరి. లంచ మెవ్వరును అడుగలేదు. ఎవ్వరును దుర్మార్గులు కారు. కిటికీ వెనుకనున్న ఉద్యోగియు మనవంటివాడే. ప్రక్క బల్లమీది రిజిస్టరు చూచు అధికారము అతనికి లేదు, అంతియే. మనుష్యులు మంచివారైనను పని చెడుచున్న చోట తప్పు ఏర్పాటులో వెదకవలెను.

ఈ సీమవారికి విశ్వవిద్యాలయ మనిన పూర్వమునుండియు దూరమే. 1857లో స్థాపింపబడిన మద్రాసు విశ్వవిద్యాలయమే చాలకాలము మనకు దిక్కు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది. దాని కేంద్రము విశాఖపట్టణము చేరగా, అంత దూరము మా బిడ్డలు పోజాలరని దత్తమండలములవారు మొరపెట్టుకొని తిరిగి మద్రాసు క్రిందికే పోయిరి. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురమున గూడ విశ్వవిద్యాలయ కేంద్రముండవలెనని వ్రాసికొన్నది ఈ దూరపు బాధచేతనే. పిమ్మట 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1981లో అనంతపురమున శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, 2008లో కర్నూలున రాయలసీమ విశ్వవిద్యాలయము వచ్చినవి. ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క మజిలీ దగ్గరైనది. 2022 ఏప్రిలులో నంద్యాల జిల్లా కేంద్రము గూడ ఐనది. అయినను ఆళ్లగడ్డ విద్యార్థి నంద్యాలకు నలుబది కిలోమీటర్లు, అక్కడనుండి కర్నూలునకు డెబ్బది కిలోమీటర్లు పోవలసియే యున్నది. ఆళ్లగడ్డకు రైలు లేదు. బస్సులో పోయి, కిటికీకడ నిలిచి, మరల బస్సులో వచ్చుసరికి దినము గడచును, కూలి పోవును, ఆడబిడ్డ యైనచో వెంట నొకరు రావలెను, వారి కూలియు పోవును. "రేపు రా" అను మాట పలుకువారికి మూడక్షరములు, వినువారికి ఇంటిల్లిపాది నష్టము.

ఇంతకును విద్యార్థి ఒక్క విశ్వవిద్యాలయమునకు మాత్రమే అప్పగింపబడిన రోజులు కావివి. మన నంద్యాల సంగతియే చూడుడు. ఇంజనీరింగు చదువువారు అనంతపురపు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువైపు చూడవలెను. వైద్యము చదువువారికి విజయవాడలోని ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయము. మహానందిలోని వ్యవసాయ కళాశాలవారికి గుంటూరు దగ్గరి లాంలోనున్న ఆచార్య రంగా విశ్వవిద్యాలయము. బి.ఏ., బి.యస్సీ.వారికి కర్నూలు. ఒక్క వీథిలో నలుగురు పిల్లలున్నచో నాలుగు పట్టణములు, నాలుగు పోర్టళ్లు, నాలుగు విధముల దరఖాస్తులు. తల్లికి మాత్రము నలుగురును చదువుకొనుచున్న పిల్లలే.

ఇంటర్నెట్టు వచ్చినది గదా, ఈ దూరము తీరలేదా అని మీలో కొందరు అడుగవచ్చును. కొంత తీరినది, తీరలేదనుట అన్యాయము. తెలంగాణములో 2016లో దోస్త్ అను ఏర్పాటు వచ్చి, పలు విశ్వవిద్యాలయముల డిగ్రీ కళాశాలలలో ప్రవేశమునకు ఒక్క దరఖాస్తు చాలునట్లు చేసినది. మన రాష్ట్రమునను 2020నుండి డిగ్రీ ప్రవేశములు ఆన్‌లైనులో ఒక్క వాకిటినుండి జరుగుట మొదలైనది. 2025 జనవరి 30న ప్రారంభమైన మన మిత్ర ఏర్పాటుచే తొలుతనే 161 ప్రభుత్వ సేవలు వాట్సాపులో అందినవి. ఆ యేడు ఇంటర్మీడియెట్టు హాల్ టికెట్లను పిల్లలు అందులోనే తీసికొనిరి. ఇవి చిన్న మార్పులు కావు. కాని జాగ్రత్తగా చూచినచో, మనము లోపలికి పోవు వాకిలిని మాత్రమే ఒకటి చేసితిమి. లోపలికి పోయిన పిమ్మట ఫీజునకు ఒక పోర్టలు, పరీక్షకు ఒకటి, ఉపకారవేతనమునకు ఒకటి, హాస్టలునకు ఒకటి, ఫలితములకు మరియొకటి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంకేతపదము. ఇక బయటికి వచ్చునప్పుడు, అనగా సర్టిఫికెట్లు కావలసిన దినమున, మరల ఆ పాత కిటికీయే.

ఆళ్లగడ్డ బస్టాండు దరిని ఇంటర్నెట్టు కొట్టు పెట్టుకొన్న ఒక యువకుని మే మెరుగుదుము. ఆ పరిసరములలో విశ్వవిద్యాలయమువారి అసలైన విద్యార్థి సేవాకేంద్ర మతడే. అతనికడ ఒక పొడవాటి నోటుపుస్తకము కలదు. అందులో కొన్ని వందల విద్యార్థుల పేర్లు, హాల్ టికెట్టు సంఖ్యలు, వానికెదురుగా సంకేతపదములు వరుసగా వ్రాసియున్నవి. ఇంటిలో సెల్‌ఫోను లేని పిల్లలకు, ఉన్నను అది తండ్రితో పాటు పొలమునకు పోవు పిల్లలకు, అతడు తన నెంబరునే దరఖాస్తులో వేసినాడు. కావున ఓటీపీ అతనికే వచ్చును. ఫీజు గడువు సందేశ మతనికే వచ్చును. ఫలిత మతనికే ముందు తెలియును. అతడు మంచివాడు గనుక సరిపోయినది. ఆ పుస్తక మొక దినము చెడ్డవాని చేతిలో పడినచో ఏమగునో ఊహింపుడు. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేసినది. ఆ చట్టము ఈ నోటుపుస్తకమువరకు ఇంకను రాలేదు. అతనిని నిందించుట వలన ప్రయోజనము లేదు. విశ్వవిద్యాలయము వదలివేసిన పనిని అతడు ఇరువది రూపాయలకు చేయుచున్నాడు.

ఇప్పుడు మా అభిప్రాయమును సూటిగా చెప్పెదము. విడివిడిగానున్న కార్యాలయములను విడివిడిగానే యుంచి, వాని ముందర ఒక్క వెబ్‌సైటు నిలబెట్టినచో వాకిళ్లు ఒకటి కావు. ఉన్నవానికి ఇంకొకటి చేరును. మొదట కలియవలసినవి పరీక్షల విభాగము, లెక్కల విభాగము, ప్రవేశ విభాగము, కళాశాల కార్యాలయము. విద్యార్థి కండ్లకు కనబడు పోర్టలు ఆ కలయికకు తుది మెట్టు. మొదటి మెట్టు కాదు. మనవారు తరచుగా తుది మెట్టుతో మొదలుపెట్టుదురు, ఏలయనగా దానికి ప్రారంభోత్సవము చేయవచ్చును. రిజిస్టర్లు కలుపుటకు రిబ్బను కత్తిరించువా రెవ్వరు?

రైళ్ల సంగతి ఇక్కడ జ్ఞాపకము చేయుదుము. పెద్దలకు తెలియును: ఒకప్పుడు ఒక్కొక్క రైలునకు ఒక్కొక్క కౌంటరు, ఒక్కొక్క చిట్టా. 1980 దశకమున రిజర్వేషనును కంప్యూటర్లకు ఎక్కించినప్పుడు, ఏ కౌంటరులోనైనను ఏ రైలునకైనను టికెట్టు దొరకునట్లు చిట్టాల నన్నింటిని ముందు ఒకటి చేసిరి. ఇంటిలో కూర్చుండి టికెట్టు కొనుట 2002లో గాని రాలేదు. ముందు లోపల కలసినది, తరువాత బయటికి తెరచుకొనినది. అందుచేతనే అది నిలిచినది. ఐరోపాలో ఎస్టోనియా యను చిన్న దేశము కలదు. జనాభా సుమారు 13 లక్షలు. వారు 2001నుండి తమ ప్రభుత్వ శాఖల చిట్టాలు ఒకదానితో నొకటి మాటలాడుకొనునట్లు ఏర్పాటు చేసికొని, ప్రభుత్వమువద్ద నున్న సమాచారమును పౌరుని మరల అడుగరాదను నియమము పెట్టుకొనిరి. మన ప్రణాళికకు గూడ మొదటి వాక్యము అట్టిదే కావలెను: విశ్వవిద్యాలయమువద్ద నున్న కాగితమును విశ్వవిద్యాలయము విద్యార్థిని అడుగరాదు. ఈ యొక్క నియమము నిజముగా అమలైనచో ఆ శిల్పి కుమార్తె తిరిగిన తిరుగుళ్లలో ముప్పాతిక తగ్గియుండెడివి.

మిగిలిన పాతిక పేరు బాధ. దీనిని కొంత విప్పి చెప్పవలెను, ఏలయనగా పైనుండి ప్రణాళిక వేయువారు దీనిని చిల్లర సంగతిగా ఎంచుదురు. మన పేర్లు తెలుగులో ఒక్క విధముగానే యుండును. ఇంగ్లీషులోనికి పోగానే పది విధములగును. లక్ష్మిని ఒక గుమాస్తా ఎక్స్ అక్షరముతో వ్రాయును, ఇంకొకరు కె, ఎస్, హెచ్ అక్షరములతో వ్రాయుదురు. దేవిని ఒకరు కలిపి వ్రాసిన, ఒకరు విడదీయుదురు. ఊరి పేరునకే దిక్కులేదు. ఆళ్లగడ్డలోని 'ళ్ల'ను ఇంగ్లీషులో పలికించుటకు ఎవరి పాట్లు వారివి. అదిగాక మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. దరఖాస్తులో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుండును. మొదటి గడిలో మొదట వచ్చునది వ్రాయుట మన పిల్లలకు న్యాయముగనే తోచును; అట్లు వ్రాసిన ఇంటిపేరు సొంతపేరగును. నంద్యాల మహమ్మదీయ సోదరులలో షేక్, సయ్యద్, పఠాన్ అనునవి ముందు వచ్చును. ఆ దరఖాస్తు లెక్కలో తరగతిలోని సగముమంది పేరు షేక్ అయి కూర్చుండును. పదవ తరగతిలో ఒక విధము, ఆధారులో ఒక విధము, బ్యాంకు పుస్తకములో ఒక విధము. పూర్వము గుమాస్తా మనుష్యుని ముఖము చూచి, "సరేలే, ఈ అబ్బాయే" అని సంతకము చేయుచుండెను. యంత్రమునకు ముఖమోటమి లేదు.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వమువారు ప్రారంభించిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను ఏర్పాటు మంచిది. ఒక విద్యార్థి ఎక్కడ చదివి సంపాదించిన క్రెడిట్లైనను అతని ఖాతాలో జమయగును; చదువు మధ్యలో ఆగినను మరల ఇంకొకచోట సాగించుకొనవచ్చును. పెండ్లిచేతనో, ఇంటి కరవుచేతనో రెండవ సంవత్సరమున చదువు మానిన బిడ్డలు ఆళ్లగడ్డ చుట్టుప్రక్కల ఎందరో కలరు. వారికి ఇది మరల తెరచిన తలుపు. కాని ఆ ఖాతా తెరచుటకు ఆధారులోని పేరును, కళాశాలలోని పేరును అక్షరాక్షరము సరిపోవలెను. ఎవరికి అది మిక్కిలి యవసరమో వారి పేర్లే సరిపోవు. కావున ఏకీకృత సేవలో పేరు దిద్దుబాటునకు ఒక్క స్థాన ముండవలెను. అక్కడ ఒకమారు దిద్దిన, మార్కుల జాబితానుండి పట్టామువరకు అన్నిటను దిద్దుకొనిపోవలెను. తెలుగు లిపిలోని పేరును గూడ చిట్టాలో నిలుపవలెను. ఈ నంద్యాలలోనే, 1928 నవంబరులో, చిలుకూరి నారాయణరావుగారి సూచనపై దత్తమండలములకు రాయలసీమ అని పేరు మార్చుకొంటిమి. నాలుగు జిల్లాల సీమ పేరు మార్చుటకు ఒక్క సభ చాలినది. ఒక విద్యార్థి పేరులో ఒక్క అక్షరము మార్చుటకు ఎన్ని మాసములు పట్టుచున్నదో మీరే లెక్క చూచుకొనుడు.

ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి ఇంతకంటె కటువైనది. ప్రభుత్వమునుండి రావలసిన ఫీజు సొమ్ము రాలేదని పిల్లల సర్టిఫికెట్లను కొన్ని కళాశాలలలో బీరువాలో పెట్టి తాళము వేయుచున్నారు. ఒరిజినల్ పత్రములను ఏ విద్యాసంస్థయు అట్టిపెట్టుకొనరాదని యు.జి.సి.వారు 2018లో స్పష్టముగా ప్రకటించిరి. ఉత్తీర్ణుడైన దినమునుండి 180 దినములలో పట్టా ఇయ్యవలెననునది 2008 నాటి వారి నియమమే. డిజిలాకరులోనున్న పట్టాలను చెల్లునవిగా గ్రహింపవలెనని 2022లో వ్రాసిరి. చట్టమునకు కొదువ లేదు. కాని విశ్వవిద్యాలయము ఫలితము ప్రకటించిన దినముననే పట్టా, మార్కుల జాబితా నేరుగా విద్యార్థి డిజిలాకరు ఖాతాలో పడినచో, ఆ బీరువా తాళమునకు విలువ యేమున్నది? ఏకీకృత సేవవలన కలుగు లాభములలో ఇది యొక్కటి చాలును, మిగిలినవి లేకపోయినను. కళాశాలల కష్టము మే మెరుగుదుము. ప్రభుత్వము బాకీపడినప్పుడు వారు జీతములు ఎట్లిత్తురు? అయినను ఆ తగవు కళాశాలకును ప్రభుత్వమునకును సంబంధించినది. దానికి పదునెనిమిదేండ్ల బిడ్డ కాగితమును తాకట్టు పెట్టుట తగదు.

ఇక ప్రణాళిక ఎట్లు వేయవలెను? మన కర్నూలు-కడప కాలువను చూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున ఒక ఆంగ్ల కంపెనీ త్రవ్వించి, నష్టపోయి, 1882లో ప్రభుత్వమునకు అమ్మివేసినది. సుంకేసులకడ పుట్టి, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పొలములను తడుపుచు కడపవరకు సుమారు 300 కిలోమీటర్లు పోవును. తలకట్టున నున్నవాడు నీరు నిండుగ నున్నదనును. చివరి ఆయకట్టువాడు ఎండిన పైరు చూపును. ఇద్దరును అబద్ధమాడరు. కాలువ బాగుగ నున్నదో లేదో తెలిసికొనవలెనన్న ఇంజనీరు సుంకేసులకడ నిలబడి చూడరాదు. చివరి తూమువరకు నడచి పోవలెను. విశ్వవిద్యాలయ ప్రణాళికయు అట్లే. రాజధానిలో పెద్ద హోటలులో, తెరమీద రంగుల బొమ్మలు వేసి చూపిన పోర్టలు ఆళ్లగడ్డలో, పాత సెల్‌ఫోనులో, పరీక్షఫీజు కడపటి దినమున తెరచుకొనునా? అక్కడనుండి మొదలుపెట్టవలెను.

మా సలహా యేమనగా, ప్రణాళికా సంఘమువారు సమావేశమగుటకు ముందు ఒక్క సర్టిఫికెట్టు వెంట నడువవలెను. నంద్యాల విద్యార్థి నొకనిని, ఆళ్లగడ్డ విద్యార్థిని నొకతెను ఎన్నుకొని, వారి అర్జీ ఏ బల్లకు ఎన్నడు పోయినది, ఎన్ని దినములు పండుకొన్నది, ఎందుకు లేచినదని వ్రాసికొనవలెను. అట్లు వ్రాసికొన్నచో తీసివేయదగిన సంతకము లెన్నో తేలును. పనికిరాని సంతకమును ఆన్‌లైను చేయుటకంటె తీసివేయుట చౌక. అప్పుడు గాని ఎన్ని రూపాయల యంత్రము కావలెనో తెలియదు. ఆ యంత్రమును గూడ ప్రతి విశ్వవిద్యాలయము వేరువేరుగ కంపెనీలవద్ద కొననక్కరలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయమువారు రూపొందించిన సమర్థ్ అను ఏర్పాటును కేంద్ర విద్యాశాఖ ప్రోత్సాహముతో దేశమున అనేక విశ్వవిద్యాలయములు వాడుకొనుచున్నవి. మనకు సరిపడునో లేదో పరీక్షింపవచ్చును. ప్రైవేటు కంపెనీకే యిచ్చినను, ఒప్పందము ముగిసిన దినమున విద్యార్థుల చిట్టాలు విశ్వవిద్యాలయము చేతికి పూర్తిగా రావలెనని మొదటి పుటలోనే వ్రాయించుకొనవలెను. తాళపుచెవి ఇతరుల జేబులో నుండగా ఇల్లు మనదనుకొనుట ఈ దేశమునకు క్రొత్త అనుభవము కాదు గదా!

అర్జీ పెట్టిన ప్రతివానికి ఒక సంఖ్యయు, ఒక గడువును ఇయ్యవలెను. గడువులో కానిచో ఎందుకు కాలేదో తెలుగులో ఒక్క వాక్యము వ్రాసి పంపవలెను. 'పెండింగ్' అను ఒక్క మాట మాటికిమాటికి చూచి పిల్లలు విసిగిపోయిరి; ఎవరివద్ద పెండింగో చెప్పనంతకాలము ఆ మాటకు అర్థము లేదు. ఫీజు బ్యాంకునుండి పోయి విశ్వవిద్యాలయమునకు చేరలేదని చూపించుట నేడు నిత్యానుభవము. అట్టి సమయమున విద్యార్థి రెండవమారు కట్టనక్కరలేకుండ, పోయిన సొమ్మును వెదకు బాధ్యత కార్యాలయమే వహింపవలెను.

భాషను గూర్చి ఒక్క మాట. ఇది మాకు అభిమానవిషయమని నవ్వెడువా రుందురు; నవ్వనిండు. తెలుగుమాధ్యమమున పదవ తరగతి వరకు చదివిన పిల్లకు విశ్వవిద్యాలయము మొట్టమొదట పలుకు మాట ఇంగ్లీషులో నేల ఉండవలెను? పోనీ, వ్రాయు తెలుగైనను అర్థమగు తెలుగై యుండవలెను. యంత్రము చేసిన అనువాదములను మేము కొన్ని పోర్టళ్లలో చూచితిమి. దానికంటె ఇంగ్లీషే మేలు. చలానా, హాల్ టికెట్టు, టి.సి. అనునవి మన పిల్లలకు తెలుగుమాటలే, వానిని మార్చనక్కరలేదు. వాక్యము తెలుగు వాక్యము కావలెను. చూపులేని విద్యార్థులు తెరమీది అక్షరములను చదివి వినిపించు సాధనములు వాడుదురు. ప్రకటనను ఫోటో తీసి పెట్టినచో ఆ సాధనమునకు అది ఖాళీ కాగితమే. కావున ప్రతి ప్రకటనయు అక్షరములుగానే యుండవలెను.

కార్యాలయోద్యోగుల భయము గూడ న్యాయమైనదే. కిటికీ పోయిన మా ఉద్యోగములేమగునని వారి చింత. మా అభిప్రాయమున కిటికీ వెనుకనున్న వానిని ఇంటికి పంపరాదు. కిటికీ ముందరికి తేవలెను. ఆళ్లగడ్డలో ఒక కళాశాల గదిలోనో, గ్రంథాలయములోనో వారమునకు రెండు దినములు విశ్వవిద్యాలయ ఉద్యోగి యొకరు కూర్చుండినచో, కంప్యూటరు ముందు విద్యార్థి ప్రక్కన కుర్చీ వేసికొని పని చేసి పంపినచో, ఆ ఇంటర్నెట్టు కొట్టువాని నోటుపుస్తకము దానంతట అదే మూతపడును. అందరును ఫోనులోనే చేసికొందురనుట పట్నపువారి భ్రమ. యంత్రము ఎంత మంచిదైనను, దానిలో ఇమడని కష్టము ప్రతి సంవత్సరము కొందరికైనను కలుగును. తండ్రి చనిపోయి ఆదాయపత్రము మారిన పిల్ల ఏ గడిలో వ్రాసికొనవలెను? ఆమెకు మనుష్యుడే కావలెను.

మేము మాటలతో ముగింపదలచుకొనలేదు. ఈ మేజామీద ఒక నోటుపుస్తకము పెట్టితిమి. నంద్యాల, ఆళ్లగడ్డ విద్యార్థులు గాని వారి తల్లిదండ్రులు గాని, ఏ కాగితమునకై ఎన్నిమారులు తిరిగిరో, ఏ కిటికీకడ ఏమి చెప్పిరో, ఎన్ని దినములు పట్టినదో, బస్సునకు ఎంత ఖర్చైనదో అందులో వ్రాయవలెను. పేరు వ్రాయనక్కరలేదు, సంకేతపదము అసలే వ్రాయవలదు. నెలాఖరున దానికి నకళ్లు తీయించి, ఏ విశ్వవిద్యాలయమునకు సంబంధించినది ఆ రిజిస్ట్రారుగారికి రిజిస్టరు టపాలో పంపెదము. జవాబు వచ్చినచో ఈ పత్రికలోనే ప్రకటింతుము. రాకున్నచో సమాచారహక్కు చట్టము క్రింద ముప్పది దినముల గడువుతో అర్జీ పెట్టెదము. మొదటి పుటలో ఆ శిల్పి కుమార్తె తొమ్మిది దినముల కథను మేమే వ్రాసితిమి. కలము పుస్తకమునకే దారముతో కట్టియున్నది.